లాగ్ వీడియో

లాగ్ వీడియో అనగా దృశ్యంలోని కాంతి తీవ్రతలను వాటి సంవర్గమానాలకు అనుగుణమైన సంఖ్యలుగా మార్చి నమోదు చేసే చిత్రీకరణ పద్ధతి. సంవర్గమానాన్ని ఆంగ్లంలో లాగరిథమ్ అంటారు; ఆ మాటకు కుదింపే లాగ్. ఈ పద్ధతిలో తీసిన వీడియోను ఏ మార్పూ చేయకుండా తెరమీద చూస్తే రంగులు వెలిసిపోయినట్లు ఉంటాయి. నలుపు బూడిదరంగులోను, తెలుపు మసకగాను కనిపిస్తాయి. ప్రేక్షకుడు చూడవలసిన బొమ్మ ఇది కాదు. తరువాతి దశలో జరిగే కలర్ గ్రేడింగ్ కొరకు కాంతి సమాచారాన్ని భద్రపరచిన మధ్యంతర రూపం ఇది.

ఈ పద్ధతి యొక్క ప్రయోజనము, పరిమితి రెండూ ఒకే విషయం నుండి పుడతాయి. వీడియో ఫైలులో కాంతిని సూచించడానికి ఉన్న సంఖ్యలు పరిమితం. ఆ సంఖ్యలను వెలుగునీడల మధ్య పొదుపుగా పంచే ఏర్పాటే లాగ్. సెన్సరు గ్రహించిన సమాచారాన్ని అది పదిలపరుస్తుంది. సెన్సరు గ్రహించని సమాచారాన్ని పుట్టించలేదు. కనుక చిత్రీకరణ సమయంలో ఏ వెలుగును ఎక్కడ ఉంచాలో సరిగా నిర్ణయించకపోతే, తరువాత గ్రేడింగులో ఎంత శ్రమించినా పోయిన వివరం తిరిగి రాదు.

స్టాపు, డైనమిక్ రేంజ్

ఛాయాగ్రహణంలో కాంతి మార్పును స్టాపులలో కొలుస్తారు. ఒక స్టాపు పెరిగితే కాంతి రెట్టింపు అవుతుంది. ఒక స్టాపు తగ్గితే సగం అవుతుంది. మూడు స్టాపులు పెరిగితే 8 రెట్లు, పది స్టాపులు పెరిగితే 1,024 రెట్లు అవుతుంది. ఒక కెమెరా ఒకే చిత్రంలో పట్టుకోగల అతి తక్కువ, అతి ఎక్కువ కాంతుల మధ్య దూరాన్ని డైనమిక్ రేంజ్ అంటారు. దీనిని కూడా స్టాపులలోనే చెబుతారు.

ఎక్స్‌పోజర్ లెక్కలకు మూలబిందువు 18% బూడిద. తనపై పడిన కాంతిలో 18 శాతాన్ని తిరిగి పంపే ఉపరితలం ఇది. మానవుని కంటికి నలుపుకు, తెలుపుకు సుమారు మధ్యలో ఉన్నట్లు తోస్తుంది. ఛాయాగ్రాహకులు వాడే బూడిద కార్డు ఈ ప్రమాణంతోనే తయారవుతుంది. తెల్ల కాగితం వంటి 90% తెలుపు ఈ బూడిద కంటే సుమారు 2.3 స్టాపులు పైన ఉంటుంది.

సంవర్గమానం ఎందుకు?

డిజిటల్ కెమెరా సెన్సరు కాంతిని సరళంగా, అనగా అనుపాతంలో కొలుస్తుంది. కాంతి రెట్టింపు అయితే సెన్సరు ఇచ్చే సంఖ్య కూడా రెట్టింపు అవుతుంది. ఇలా వచ్చిన సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లుగా భద్రపరిస్తే ఒక చిక్కు వస్తుంది. ఉదాహరణకు 12 బిట్ల సరళ విధానంలో మొత్తం 4,096 మెట్లు ఉంటాయి. అన్నిటికంటే పైనున్న ఒక్క స్టాపే వాటిలో సగాన్ని, అనగా 2,048 మెట్లను వాడుకుంటుంది. దాని క్రింది స్టాపుకు 1,024, ఆ క్రింది దానికి 512 మిగులుతాయి. ఇలా దిగుతూ పోతే పదవ స్టాపుకు కేవలం 4 మెట్లు దక్కుతాయి. వెలుగు భాగాలలో కంటికి కనపడని సూక్ష్మభేదాల కొరకు వేల మెట్లు ఖర్చవుతుండగా, నీడ భాగాలలో వివరాన్ని చూపడానికి మెట్లు కరువవుతాయి.

మానవుని కన్ను కాంతిని ఈ విధంగా అనుపాతంలో గ్రహించదు. చీకటి గదిలో ఒక దీపానికి తోడు మరొక దీపం వెలిగిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. నూరు దీపాల మధ్య మరొకటి వెలిగిస్తే తెలియదు. ఇంద్రియ గ్రహణం ఉద్దీపన యొక్క సంవర్గమానాన్ని అనుసరిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ ఫెక్నర్ 1860లో ప్రతిపాదించాడు. కంటి విషయంలో ఇది అన్ని వెలుగులకు కచ్చితంగా వర్తించకపోయినా, చాలామేరకు సరిపోతుంది.

సంవర్గమానం తీసుకున్నప్పుడు గుణకారం సంకలనంగా మారుతుంది. కాంతి రెట్టింపు అయిన ప్రతిసారీ సంవర్గమానం ఒకే పరిమాణంలో పెరుగుతుంది. కాబట్టి లాగ్ పద్ధతిలో ప్రతి స్టాపుకు దాదాపు సమానమైన మెట్లు వస్తాయి. 12 నుండి 14 స్టాపుల సమాచారాన్ని 10 బిట్ల ఫైలులో ఇమడ్చడం దీని వలననే సాధ్యమవుతున్నది.

చరిత్ర

కాంతిని సంవర్గమానంలో లెక్కించడం వీడియో కంటే పాతది. ఫెర్డినాండ్ హర్టర్, వెరో చార్లెస్ డ్రిఫీల్డ్ 1890లో ప్రచురించిన పరిశోధనలో ఫిల్ముపై పడిన కాంతి యొక్క సంవర్గమానానికి, ఫిల్ముపై ఏర్పడే సాంద్రతకు మధ్య గల సంబంధాన్ని వక్రరేఖగా చూపారు. ఆ రేఖ అడుగున వంగి, మధ్యలో నిటారుగా సాగి, పైన మళ్ళీ వంగుతుంది. ఈనాటి లాగ్ వక్రరేఖలకు ఇది పూర్వరూపం అని చెప్పవచ్చు.

1990 దశకం తొలినాళ్ళలో కోడక్ సంస్థ సినియాన్ అనే వ్యవస్థను రూపొందించింది. ఇది సినిమా నెగటివును స్కాన్ చేసి, దాని సాంద్రతను 10 బిట్ల సంఖ్యలుగా భద్రపరిచేది. సాంద్రత స్వభావరీత్యా సంవర్గమానమే కనుక సినియాన్ ఫైలు లాగ్ రూపంలో ఉండేది. ఇందులో నలుపుకు 95, తెలుపుకు 685 అనే మెట్లను కేటాయించి, అంతకుపైన ఉన్నవాటిని మెరుపుల కొరకు ఉంచారు. 1937 నాటి స్నో వైట్ చిత్రాన్ని 1993లో ఈ వ్యవస్థతో డిజిటల్ పద్ధతిలో పునరుద్ధరించారు.

డిజిటల్ కెమెరాలు సినిమాలలో ప్రవేశించిన తరువాత ఇదే ఆలోచన కెమెరా లోపలికి వచ్చింది. సోనీ ఎఫ్35 కెమెరాతో 2008లో ఎస్-లాగ్, ఆరి అలెక్సాతో 2010లో లాగ్-సి, కెనాన్ సి300తో 2011లో కెనాన్ లాగ్ వచ్చాయి. 2014లో సోనీ ఎస్-లాగ్3, పానాసోనిక్ వి-లాగ్ వెలువడ్డాయి. అదే సంవత్సరం వచ్చిన సోనీ ఆల్ఫా 7ఎస్ అనే చిన్న కెమెరాలో ఎస్-లాగ్2 లభించడంతో ఈ పద్ధతి పెద్ద సినిమాలను దాటి పెళ్ళి వీడియోలు, లఘుచిత్రాలు తీసేవారి చేతికి అందింది. 2022లో ఆరి సంస్థ అలెక్సా 35తో పాటు లాగ్-సి4ను, 2023లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 15 ప్రో ఫోనులో ఆపిల్ లాగ్‌ను ప్రవేశపెట్టాయి.

వివిధ లాగ్ వక్రరేఖలు

లాగ్ అనేది ఒకే ప్రమాణం కాదు. ప్రతి సంస్థ తన సెన్సరుకు తగినట్లు వేరే సూత్రాన్ని వాడుతుంది. సరిగా ఎక్స్‌పోజ్ చేసిన 18% బూడిద 10 బిట్ల కొలమానంలో, అనగా 0 నుండి 1,023 వరకు గల మెట్లలో, ఎక్కడ పడుతుందో చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

| వక్రరేఖ | 18% బూడిద పడే మెట్టు |
|---|---|
| సోనీ ఎస్-లాగ్2 | 347 |
| రెడ్ లాగ్3జి10 | 341 |
| ఆరి లాగ్-సి3 (800 సూచికవద్ద) | 400 |
| సోనీ ఎస్-లాగ్3 | 420 |
| పానాసోనిక్ వి-లాగ్ | 433 |

రెడ్ సంస్థ వక్రరేఖ పేరులోనే దాని నిర్మాణం దాగి ఉంది. బూడిదను కొలమానంలో మూడవ వంతు వద్ద ఉంచి, దానిపైన పది స్టాపులకు చోటు కల్పించారు కాబట్టి దానికి 3జి10 అని పేరు.

వక్రరేఖతో పాటు ప్రతి సంస్థకు సొంత వర్ణపరిధి కూడా ఉంటుంది. సోనీకి ఎస్-గామట్3, పానాసోనిక్‌కు వి-గామట్, ఆరికి ఆరి వైడ్ గామట్ ఉదాహరణలు. ఇవి సాధారణ టీవీ వర్ణపరిధి కంటే చాలా విశాలమైనవి. విశాలమైన పరిధిలో కొలిచిన రంగును ఇరుకైన పరిధిగల తెరమీద నేరుగా చూపితే అది పాలిపోతుంది. లాగ్ వీడియోలో రంగులు వెలిసిపోయినట్లు ఉండటానికి ఇది రెండవ కారణం.

ఎస్-లాగ్3లో మెట్ల పంపకం

లాగ్ పద్ధతిలో ప్రతి స్టాపుకు సమానంగా మెట్లు వస్తాయని పైన చెప్పుకున్నాము. ఆచరణలో ఇది మధ్య, పై భాగాలకే వర్తిస్తుంది. సున్నాకు సంవర్గమానం లేదు కనుక, అడుగుభాగంలో సూత్రాన్ని మార్చి సరళరేఖగా దించుతారు. సోనీ ప్రకటించిన సూత్రం ప్రకారం ఎస్-లాగ్3లో ఒక్కొక్క స్టాపు పడే చోటు ఈ క్రింది పట్టికలో ఉంది. వేవ్‌ఫార్మ్ శాతం లెక్కలో 64వ మెట్టును 0 శాతంగా, 940వ మెట్టును 100 శాతంగా తీసుకుంటారు.

| బూడిద నుండి దూరం | మెట్టు | వేవ్‌ఫార్మ్ శాతం | క్రింది స్టాపుతో తేడా |
|---|---|---|---|
| +6 స్టాపులు | 886 | 94 | 78 |
| +5 | 808 | 85 | 79 |
| +4 | 729 | 76 | 78 |
| +3 | 651 | 67 | 78 |
| +2 | 573 | 58 | 77 |
| +1 | 496 | 49 | 76 |
| 0 (18% బూడిద) | 420 | 41 | 73 |
| −1 | 347 | 32 | 68 |
| −2 | 279 | 25 | 60 |
| −3 | 219 | 18 | 48 |
| −4 | 171 | 12 | 38 |
| −5 | 133 | 8 | 19 |
| −6 | 114 | 6 | |
| కటిక నలుపు | 95 | 4 | |

ఈ పట్టిక నుండి మూడు విషయాలు గ్రహించవచ్చు.

మొదటిది: బూడిద పైన ప్రతి స్టాపుకు 76 నుండి 79 మెట్లు ఉన్నాయి. బూడిద క్రింద అవి క్రమంగా తగ్గుతూ, ఐదవ స్టాపు దాటాక 19కి పడిపోతాయి. కనుక ముఖ్యమైన వస్తువును పొరపాటున రెండు మూడు స్టాపులు తక్కువగా ఎక్స్‌పోజ్ చేస్తే, అది మెట్లు తక్కువగా ఉన్న ప్రాంతంలోకి జారుతుంది. గ్రేడింగులో దానిని పైకి లాగినప్పుడు మెట్ల మధ్య ఖాళీలు, వాటితో పాటు నాయిస్ పైకి తేలుతాయి.

రెండవది: సోనీ కెమెరాలు ఎస్-లాగ్3లో సాధారణంగా 94 శాతం దగ్గర గరిష్ఠానికి చేరుకుంటాయి. అనగా కెమెరా మూల ఐఎస్ఓ వద్ద, బూడిదను 41 శాతంలో ఉంచినప్పుడు, దానిపైన సుమారు ఆరు స్టాపుల చోటు ఉంటుంది. ఆ హద్దు దాటిన వెలుగు అంతా ఒకే తెలుపుగా ముద్దకట్టుకుపోతుంది.

మూడవది: రెక్. 709 అనే సాధారణ టీవీ ప్రమాణంలో కూడా 18% బూడిద 41 శాతం వద్దనే ఉంటుంది. కాని 90% తెలుపు అక్కడ 95 శాతానికి చేరగా, ఎస్-లాగ్3లో 61 శాతం వద్దనే ఆగుతుంది. రెక్. 709లో బూడిదపైన ఉన్న చోటు సుమారు రెండున్నర స్టాపులే. మెరుపులను అదుపుచేసే సర్దుబాట్లతో దీనిని కొంత పెంచవచ్చును గాని ఆరు స్టాపులకు చేర్చలేము.

ఎక్స్‌పోజర్ నిర్ణయించే విధానం

కొలత పరికరాలు

లాగ్ చిత్రం చదునుగా ఉంటుంది కాబట్టి కెమెరా తెరను కంటితో చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించడం నమ్మదగినది కాదు. ఈ క్రింది సాధనాలను వాడతారు.

* బూడిద కార్డు: ముఖ్యపాత్రపై పడే కాంతిలోనే కార్డును పట్టుకుని, అది ఆ వక్రరేఖకు నిర్దేశించిన శాతం వద్దకు వచ్చేలా అపెర్చరును గాని, కాంతిని గాని సర్దుతారు. ఎస్-లాగ్3కు ఇది 41 శాతం.
* వేవ్‌ఫార్మ్: చిత్రంలోని కాంతి స్థాయిలను ఎడమ నుండి కుడికి గ్రాఫుగా చూపుతుంది. పైభాగం ఒక గీతలాగా చదునుగా తెగి ఉంటే అక్కడ వివరం పోయినట్లే.
* జీబ్రా: నిర్ణయించిన శాతాన్ని చేరిన లేదా దాటిన భాగాలపై ఏటవాలు చారలను చూపుతుంది. సోనీ కెమెరాలో 94 శాతం దగ్గర పెట్టుకుంటే హద్దు దాటుతున్న భాగాలు తెలుస్తాయి.
* ఫాల్స్ కలర్: ఒక్కొక్క కాంతి స్థాయికి ఒక్కొక్క కృత్రిమ రంగును చూపుతుంది.
* పరిశీలన లట్: రికార్డయ్యే ఫైలును మార్చకుండా, తెరమీద మాత్రం మామూలు రంగులలో చూపే ఏర్పాటు.

పరికరం చూపే శాతాలు లాగ్ సంకేతానివా, లట్ వేసిన తరువాతి చిత్రానివా అన్నది ముందుగా తెలుసుకోవాలి. లట్ వేసిన చిత్రంలో తెలుపు 90 శాతం దాటి కనిపించవచ్చు. ఫైలులో అదే తెలుపు 61 శాతం వద్ద క్షేమంగా ఉండవచ్చు.

ఎక్కువ కాంతితో తీయడం

లాగ్ వీడియోను నిర్దేశించిన దానికంటే ఒకటి రెండు స్టాపులు ఎక్కువ కాంతితో తీయమని తరచుగా సలహా ఇస్తారు. దీని వెనుక సరైన కారణమే ఉంది. కాంతి కణరూపంలో అందుతుంది కాబట్టి సెన్సరుపై సహజంగా కొంత నాయిస్ ఏర్పడుతుంది. కాంతి రెట్టింపు అయినప్పుడు సంకేతం రెండు రెట్లు పెరిగితే ఈ నాయిస్ సుమారు 1.4 రెట్లే పెరుగుతుంది. తరువాత గ్రేడింగులో చిత్రాన్ని మామూలు స్థాయికి దించితే నీడలు శుభ్రంగా ఉంటాయి. ఎస్-లాగ్3లో ఒక స్టాపు ఎక్కువగా తీసినప్పుడు బూడిద 49 శాతానికి, 90% తెలుపు 70 శాతానికి వస్తాయి. రెండు స్టాపులైతే అవి 58, 79 శాతాలకు చేరుతాయి.

అయితే దీనికి మూల్యం ఉంది. క్రింద ఎంత సంపాదిస్తామో పైన అంత కోల్పోతాము. సెన్సరు పరిధి మారదు. దానిలో బూడిద నిలిచే చోటు మాత్రమే మారుతుంది.

పెళ్ళి పందిరిని ఉదాహరణగా తీసుకుందాము. పందిరి నీడలో వధూవరుల ముఖాలు ఉన్నాయి. వెనుక మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లని పంచె కట్టుకున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎండ పందిరి నీడకంటే మూడు స్టాపులు ఎక్కువ అనుకుందాము. నీడలోని బూడిద కార్డు ప్రకారం ఎక్స్‌పోజర్ పెడితే, పంచె తెలుపు బూడిదకు 2.3 స్టాపులు పైన, ఎండ వలన మరో మూడు స్టాపులు పైన, మొత్తం 5.3 స్టాపుల వద్ద పడుతుంది. ఆరు స్టాపుల హద్దుకు ఇది లోపలే కనుక పంచె మడతలు నిలుస్తాయి. రెక్. 709లో అయితే హద్దు రెండున్నర స్టాపులే కాబట్టి ఆ పంచె ఎప్పుడో తెల్లని అతుకుగా మారిపోయేది. ఇప్పుడు అలవాటు ప్రకారం ఒక స్టాపు ఎక్కువగా తీస్తే పంచె 6.3 వద్దకు చేరి హద్దు దాటుతుంది. ముహూర్తం మళ్ళీ రాదు. ఆ మడతలను ఏ గ్రేడింగూ తిరిగి తేలేదు.

సాయంత్రం కల్యాణ మండపంలో పరిస్థితి తారుమారు అవుతుంది. అక్కడ తెల్లని వస్త్రం కూడా బూడిదకు రెండు మూడు స్టాపులకు మించి ఉండదు. దీపాలు, జరీ మెరుపులు మాత్రమే పైకి పోతాయి. అటువంటి చోట ఒకటి లేక ఒకటిన్నర స్టాపు ఎక్కువగా తీయడం మేలు. అందువలన ఎంత ఎక్కువ ఇవ్వాలి అన్న ప్రశ్నకు స్థిరమైన సంఖ్య లేదు. వివరం నిలవవలసిన అతి ప్రకాశవంతమైన వస్తువును ముందు గుర్తించి, అది హద్దు దాటకుండా ఎంతవరకు పెంచవచ్చునో అంతవరకే పెంచాలి. సూర్యబింబం, దీపపు వత్తి, నగల తళుకు వంటివి తెల్లబారినా నష్టం లేదు.

చర్మచ్ఛాయ

ముఖం ఇంత శాతం వద్ద ఉండాలి అని చెప్పే సూచనలను జాగ్రత్తగా చదవాలి. అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ ప్రచారంలోకి తెచ్చిన జోన్ విధానంలో శ్వేతజాతీయుల సగటు చర్మం బూడిదకంటే ఒక స్టాపు పైన ఉంటుంది. పాశ్చాత్య వీడియో పాఠాలలో కనిపించే చర్మపు శాతాలు ఎక్కువగా దీనిపై ఆధారపడినవి. చామనఛాయ, నల్లని ఛాయ గల ముఖాలు సహజంగా బూడిదకు దగ్గరగా, ఒక్కొక్కప్పుడు దానికి క్రింద ఉంటాయి. తెలుగువారి ముఖాలలో ఈ ఛాయలన్నీ ఉన్నాయి. నల్లని ముఖాన్ని తెల్లని ముఖానికి చెప్పిన శాతానికి తెస్తే దృశ్యమంతా అనవసరంగా ఎక్కువ వెలుగుకు గురవుతుంది. ఒకే కుటుంబంలోని వేర్వేరు ఛాయల మనుషులు ఒకే తెలుపుకు మారిపోతారు. కార్డును ప్రమాణంగా తీసుకుంటే ఎవరి ఛాయ వారికి దక్కుతుంది.

ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్

లాగ్ వక్రరేఖ కెమెరా మూల ఐఎస్ఓ వద్ద పూర్తి డైనమిక్ రేంజ్‌ను ఇస్తుంది. అందుకే చాలా కెమెరాలు లాగ్ ఎంచుకోగానే తక్కువ ఐఎస్ఓలను అనుమతించవు. ఎండలో మూల ఐఎస్ఓ వద్ద కాంతి ఎక్కువైతే ఎన్‌డి ఫిల్టరును అమర్చడం సరైన పద్ధతి.

వైట్ బ్యాలెన్స్‌ను చిత్రీకరణలోనే స్థిరమైన కెల్విన్ విలువ వద్ద పెట్టుకోవాలి. ఆటోమేటిక్‌గా వదిలితే ఒకే షాటు మధ్యలో రంగు మారవచ్చు. దానిని గ్రేడింగులో సరిచేయడం మిక్కిలి శ్రమతో కూడిన పని.

8 బిట్లు, 10 బిట్లు

ఎస్-లాగ్3లో స్టాపుకు ఉన్న 78 మెట్లు 10 బిట్ల లెక్క. 8 బిట్ల ఫైలులో మొత్తం మెట్లు 256 మాత్రమే కనుక ఒక్కొక్క స్టాపుకు 20 కంటే తక్కువ దక్కుతాయి. గ్రేడింగులో కాంట్రాస్టు పెంచినప్పుడు ఈ మెట్లు ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. నిర్మలమైన ఆకాశం, సున్నం వేసిన గోడ వంటి చోట్ల పట్టీలు పట్టీలుగా చారలు కనిపిస్తాయి. దీనిని బ్యాండింగ్ అంటారు. 8 బిట్ల కెమెరాతో, వెలుగునీడల తేడా తక్కువగా ఉన్న దృశ్యాన్ని తీస్తున్నప్పుడు లాగ్ కంటే మామూలు పిక్చర్ ప్రొఫైలే మంచి ఫలితాన్నిస్తుంది.

కలర్ గ్రేడింగ్

కలర్ గ్రేడింగ్‌లో మొదటి పని సవరణ, రెండవ పని అలంకరణ. ఈ రెంటినీ కలిపివేయడం వలననే చాలా చిక్కులు వస్తాయి. సాధారణంగా ఈ క్రింది వరుసను పాటిస్తారు.

1. రూపాంతరం

లాగ్ సంకేతాన్ని తెరకు తగిన సంకేతంగా మార్చాలి. దీనికి రెండు మార్గాలున్నాయి. సాఫ్ట్‌వేరుకు మూల వక్రరేఖ, మూల వర్ణపరిధి, గమ్య ప్రమాణం చెప్పి గణితసూత్రంతో మార్పించడం ఒకటి. డావిన్చీ రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంది. అకాడమీ ఆఫ్ మోషన్ పిక్చర్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ రూపొందించిన ఏసెస్ వ్యవస్థ కూడా ఇదే కోవకు చెందినది.

లట్ వాడటం రెండవ మార్గం. లట్ అనగా లోపలికి వచ్చే ప్రతి రంగుకు బదులుగా బయటకు వెళ్ళవలసిన రంగును తెలిపే పట్టిక. 10 బిట్లలో సాధ్యమయ్యే రంగులు 107 కోట్లకు పైగా ఉంటాయి. అన్నిటినీ పట్టికలో వ్రాయడం కుదరదు. కాబట్టి మూడు అక్షాలపై 33 చొప్పున, మొత్తం 35,937 బిందువులను మాత్రమే వ్రాసి, మధ్యలోని వాటిని అంచనా కడతారు.

లట్ గుడ్డిది. వచ్చిన చిత్రం ఏ కెమెరాదో, ఎక్స్‌పోజర్ సరిగా ఉన్నదో లేదో దానికి తెలియదు. ఎస్-లాగ్3 కొరకు చేసిన లట్‌ను ఎస్-లాగ్2 వీడియోకు వేస్తే, 420వ మెట్టులో ఉంటుందని అది అనుకునే బూడిద 347లో ఉంటుంది. 347 అంటే ఎస్-లాగ్3లో ఒక స్టాపు తక్కువ కనుక చిత్రం చీకటిగా వస్తుంది. ఇందులో కెమెరా తప్పు లేదు. భాష ఒకటి, నిఘంటువు మరొకటి.

2. ఎక్స్‌పోజర్ సవరణ

ఎక్కువ కాంతితో తీసిన చిత్రాన్ని మామూలు స్థాయికి దించడం రూపాంతరానికి ముందే జరగాలి. రూపాంతరం తరువాత చేస్తే, అప్పటికే లట్ నొక్కివేసిన వెలుగు భాగాలను మరింత బూడిదగా మార్చడమే అవుతుంది. లట్ అంచు దాటి తెగిపోయిన వివరం వెనుకకు రాదు. లట్ వేయగానే మేఘాలు మాయమయ్యాయని గాభరా పడేవారు, లట్‌కు ముందు ఒక స్టాపు దించి చూస్తే అవి తిరిగి కనిపించడం గమనించవచ్చు.

లాగ్‌లో గుణకారం సంకలనం అవుతుంది కాబట్టి, ఆఫ్‌సెట్ అనే సాధనంతో సంకేతం నుండి సుమారు 77 మెట్లు తీసివేస్తే ఎస్-లాగ్3లో ఒక స్టాపు తగ్గినట్లే. అయితే పట్టికలో చూపినట్లు నీడలలో స్టాపుకు 77 మెట్లు లేవు. అక్కడ ఈ తీసివేత నలుపును నలిపేస్తుంది. కచ్చితత్వం కావాలంటే సంకేతాన్ని సరళ రూపంలోకి మార్చి 0.5తో గుణించి, మళ్ళీ లాగ్‌లోకి తేవాలి. ఇటీవలి సాఫ్ట్‌వేర్లు తమ ఎక్స్‌పోజర్ సాధనంలో ఈ లెక్కను తామే చేసుకుంటాయి.

3. వర్ణ సమతౌల్యం, కాంట్రాస్టు

బూడిద కార్డును చిత్రీకరణలో ఒకసారి చూపి ఉంటే ఇక్కడ పని సులువు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కార్డుపై సమానంగా వచ్చేవరకు సర్దితే చాలు. తరువాత నలుపును, తెలుపును తగిన స్థాయిలో నిలిపి, కాంట్రాస్టును, వర్ణసాంద్రతను సర్దుతారు. వెక్టర్‌స్కోప్ అనే పరికరంలో చర్మపు రంగును సూచించే గీత ఒకటి ఉంటుంది. తెల్లని ముఖమైనా నల్లని ముఖమైనా రంగు దిశ దాదాపు ఆ గీత వెంబడే ఉంటుంది. ఛాయల మధ్య తేడా ఎక్కువగా వెలుగులో, సాంద్రతలో కనిపిస్తుంది.

4. షాట్ల పొందిక, పాక్షిక సవరణలు

ఒక సన్నివేశంలోని షాట్లన్నీ ఒకదానితో ఒకటి కలిసేలా చూడాలి. ఆ తరువాత ఒక్క ముఖాన్ని, ఒక్క చీరను, ఆకాశాన్ని విడిగా ఎంచుకుని మార్చే పాక్షిక సవరణలు చేస్తారు. పసుపు, కుంకుమ, పట్టుచీరల ఎరుపు వంటి గాఢమైన రంగులు రెక్. 709 హద్దులు దాటి ముద్దగా మారే అవకాశం ఎక్కువ. వాటి సాంద్రతను కొద్దిగా తగ్గిస్తే నేత వివరం బయటపడుతుంది.

5. తుది రూపు

చిత్రానికి కావలసిన భావాన్ని ఇచ్చే రంగుల శైలి చివరి మెట్టు. సవరణ పూర్తయిన చిత్రంపైనే ఇది నిలుస్తుంది. ఈ పని చేసే తెర ప్రమాణబద్ధంగా ఉండాలి. రెక్. 709 పనికి 6,500 కెల్విన్ తెలుపు, 2.4 గామా గల తెరను, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో వాడతారు. తెర తప్పుగా ఉంటే సవరణ అంతా ఆ తప్పుకు చేసిన సవరణే అవుతుంది.

రా వీడియోతో తేడా

లాగ్, రా రెండూ ఒకటి కావు. రా వీడియోలో సెన్సరు ఇచ్చిన సమాచారం రంగుల నిర్మాణానికి ముందే భద్రపడుతుంది. వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ వంటివి చాలావరకు తరువాత మార్చుకోవచ్చు. లాగ్ వీడియోలో రంగుల నిర్మాణం, వైట్ బ్యాలెన్స్, చాలా కెమెరాలలో నాయిస్ తగ్గింపు కూడా ఫైలులోకి చేరే ముందే జరిగిపోతాయి. సవరణకు చోటు ఉంటుంది గాని అది రా అంత విశాలం కాదు. ప్రతిఫలంగా ఫైళ్ళు సాధారణంగా చిన్నవిగా ఉంటాయి.

సాధారణ అపోహలు

* లాగ్ వలన సెన్సరు డైనమిక్ రేంజ్ పెరుగుతుంది: పెరగదు. మామూలు ప్రొఫైల్ వదిలివేసే భాగాన్ని లాగ్ భద్రపరుస్తుంది.
* చదునుగా కనిపించే ప్రతి వీడియో లాగ్: కాదు. కాంట్రాస్టు తగ్గించినంత మాత్రాన వక్రరేఖ సంవర్గమానం కాదు. అటువంటి వీడియోకు లాగ్ లట్ పనిచేయదు.
* లాగ్‌లో ఎప్పుడూ రెండు స్టాపులు ఎక్కువగా తీయాలి: దృశ్యంలోని వెలుగు భాగాలను బట్టి నిర్ణయించాలి.
* లాగ్‌లో తీస్తే సినిమాలాగా ఉంటుంది: ఆ గుణం వెలుగు అమరిక, కటకం, కళాదర్శకత్వం, గ్రేడింగ్ అన్నీ కలిస్తే వస్తుంది.

లాగ్ అన్ని సందర్భాలకు తగినది కాదు. ప్రత్యక్ష ప్రసారానికి, తీసిన వెంటనే ఇచ్చివేయవలసిన వీడియోకు, గ్రేడింగుకు సమయం లేని పనికి రెక్. 709లో జాగ్రత్తగా తీసిన చిత్రమే మేలు. వెలుగునీడల అంతరం ఎక్కువగా ఉండి, తరువాత సవరించే తీరిక ఉన్నప్పుడు లాగ్ తన పూర్తి ప్రయోజనాన్ని ఇస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఛాయాగ్రహణం
* సంవర్గమానం
* డిజిటల్ కెమెరా
* వర్ణపరిధి
* సినిమాటోగ్రఫీ